ముందు లైను, ఆ తర్వాతే రాడ్డు



బ్లాక్‌టౌన్ చుట్టుపక్కల, షోఫీల్డ్స్‌లోనూ మార్స్‌డెన్ పార్కులోనూ రివర్‌స్టోన్‌లోనూ ఇళ్లు కట్టుకున్న మన తెలుగువాళ్లలో గాలం వేయడం వచ్చినవాళ్లు ఉన్నారు. గోదావరి గట్ల మీద పెరిగినవాళ్లు, కృష్ణా కాలవల పక్కన వెదురు గడకు దారం కట్టి పొద్దుగూకేదాకా కూర్చున్నవాళ్లు, ఊరి చెరువులో జెల్లలు, కొర్రమీనులు పట్టినవాళ్లు. ఎర్రను గాలానికి గుచ్చడం, బెండు మునిగే క్షణం కనిపెట్టడం వాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు. అలాంటివాళ్లు ఇక్కడ నెపియన్ నది ఒడ్డుకి వెళ్లినప్పుడు, పక్కన ఎవరో సన్నటి పొడవాటి రాడ్డు పట్టుకుని, మందపాటి రంగు లైనును నెత్తి మీదుగా వెనక్కీ ముందుకీ పారిస్తూ కనిపిస్తారు. నీళ్ల మీద పడేది ఎర కాదు, సీసం గుండూ కాదు. ఈకలతో, బొచ్చుతో, దారంతో కట్టిన చిన్న నకిలీ పురుగు. అదే ఫ్లై. ఆ పద్ధతే ఫ్లై ఫిషింగ్.

చూడగానే నేర్చుకోవాలనిపిస్తుంది. తీరా దుకాణానికి వెళితే గోడంతా రాడ్లు, అద్దాల బీరువా నిండా రీళ్లు, డబ్బాల్లో లెక్కలేనన్ని ఫ్లైలు. అక్కడ కొందరు బెదిరిపోయి వట్టి చేతులతో వచ్చేస్తారు. కొందరు కంటికి నచ్చిన రీలు పట్టుకొస్తారు. మొదటిసారి కొనేవాళ్లు ఏ వరసలో ఆలోచించాలో ఇవాళ చెబుతాను.

ముందు ఇది పనిచేసే తీరు పట్టుకోవాలి. మన గాలంలో ఎర బరువో సీసం బరువో ముందుకు దూసుకుపోతుంది, దాని వెనకాల దారం లాక్కుపోతుంది. ఫ్లైకి బరువే లేదు. అరచేతిలో పెట్టి ఊదితే ఎగిరిపోతుంది. దాన్ని పది, పదిహేను మీటర్ల దూరం విసరడం ఎవరి తరమూ కాదు. ఇక్కడ బరువు లైనులో ఉంటుంది. విసిరేది లైనును, ఫ్లై దాని కొసను పట్టుకుని వెళుతుంది. ఎడ్లబండి తోలేవాడు చర్నాకోల ఝళిపించినప్పుడు మణికట్టు దగ్గర పుట్టిన ఊపు తోలు పొడవునా పాకి కొసకు చేరుతుంది చూశారా, సరిగ్గా అదే పని ఈ లైనూ చేస్తుంది. అందుకే నేను ఎవరు అడిగినా ముందు లైను చూడమంటాను. రాడ్డు ఆ లైనును మోయడానికి, రీలు దాన్ని చుట్టిపెట్టడానికి. దుకాణంలో ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు. రీలు మెరుస్తుంది, రాడ్డు చేతికి హాయిగా ఉంటుంది, లైను మాత్రం డబ్బాలో చుట్టగా పడి ఉంటుంది కాబట్టి చవకది ఏదో ఒకటి వేయించుకుంటారు.

ఏ లైను కొనాలో తేలాలంటే ఏ నీళ్లకు వెళ్తామో తేలాలి. బ్లాక్‌టౌన్‌లో ఉండేవాళ్లకు దగ్గర్లో కనిపించే పెద్ద నీళ్లు ప్రాస్పెక్ట్ రిజర్వాయర్. 1888లో పూర్తయిన మంచినీళ్ల జలాశయం అది, అందులో చేపలు పట్టనివ్వరు. వారగాంబ ఆనకట్ట దగ్గరా అంతే. తూర్పున పరమట్టా నది ఉంది. పట్టుకోవచ్చు గాని, హార్బర్ బ్రిడ్జికి పడమటి వైపు పట్టిన చేపను తినొద్దని ప్రభుత్వం 2006 నుంచి చెబుతోంది. పాత కర్మాగారాల నుంచి డయాక్సిన్లు అడుగు బురదలో చేరిపోయాయి. కూర వండుకుందామనుకునేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి.

ఇక మిగిలింది పడమర. బ్లాక్‌టౌన్ స్టేషన్‌లో రైలెక్కితే పెన్రిత్, అక్కడ నెపియన్ నది. అందులో ఆస్ట్రేలియన్ బాస్ అనే చేప ఉంది. ఈ తూర్పు తీరపు నదుల సొంత చేప. చలికాలంలో ఉప్పునీళ్లు కలిసే చోటికి దిగి గుడ్లు పెడుతుంది, వేసవికి మళ్లీ మంచినీళ్లలోకి ఎక్కి వస్తుంది. ఇంకా పడమరకు, బ్లూ మౌంటెన్స్ దాటి గంటన్నరో రెండు గంటలో కారులో వెళితే లిత్‌గో. ఆ చుట్టుపక్కల లేక్ లయల్, వాలరవాంగ్ దగ్గర లేక్ వాలస్, థాంప్సన్స్ క్రీక్ డ్యామ్. వీటిలో ట్రౌట్ ఉంటుంది. థాంప్సన్స్ క్రీక్‌లో ఎర్రలూ పిండి ఉండలూ పనికిరావు, ఫ్లైలు, కృత్రిమ ఎరలు మాత్రమే వాడాలి. ట్రౌట్ ఈ దేశపు చేప కాదు. 1864లో ఇంగ్లండు నుంచి నార్ఫోక్ అనే ఓడలో, తడి నాచులో, మంచు మధ్య గుడ్లు తెచ్చి టాస్మేనియాలో పొదిగించారు. అక్కడి నుంచి మిగతా రాష్ట్రాలకు పాకింది.

అంటే మన ముందు రెండు చేపలున్నాయి, ఇటు బాస్, అటు ట్రౌట్. ఒక్క సెట్టుతో రెండూ గడవాలంటే 6 నంబరు కొనండి. పుస్తకాల్లో, వీడియోల్లో మొదలుపెట్టేవాళ్లకు 5 నంబరు చెప్పడం మామూలు. అమెరికా వాగుల్లో ట్రౌట్‌కు అది సరైన సలహానే. ఇక్కడ బాస్‌కు వేసే ఫ్లైలు లావుగా, గాలికి అడ్డం పడేలా ఉంటాయి. లిత్‌గో జలాశయాల మీద మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. 5 నంబరు లైను ఆ గాలిలో తేలిపోతుంది. 8 నంబరు తీసుకుంటే కొత్తవాళ్ల చేయి అరగంటకే నొప్పెడుతుంది, చిన్న ట్రౌట్ పడితే పడినట్టే తెలియదు. అందుకని 6.

ఈ నంబరేమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో మీకు ఆసరా అదే. లైను ముందు భాగం 30 అడుగులు, అంటే సుమారు 9 మీటర్లు తూకం వేస్తారు. 5 నంబరైతే అది 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. 6 నంబరు 160 గ్రెయిన్లు, పదిన్నర గ్రాములకు దగ్గర. 8 నంబరు 210. ఒకప్పుడు పట్టు లైన్లు ఉన్నప్పుడు మందాన్ని బట్టి ఇంగ్లిషు అక్షరాలతో గుర్తులు పెట్టేవారు. పట్టు ఒక్కటే సరుకు కాబట్టి మందం తెలిస్తే బరువు తెలిసినట్టే. తర్వాత నైలాను, ప్లాస్టిక్ పూత లైన్లు వచ్చాయి. ఒకే మందం ఉన్న రెండు లైన్ల బరువులు వేరయ్యాయి, ఆ అక్షరాలకు అర్థం లేకుండా పోయింది. 1960ల తొలినాళ్లలో అమెరికా తయారీదారుల సంఘం బరువునే నంబరుగా పెట్టింది. ఇప్పటికీ ప్రపంచమంతా అదే నడుస్తోంది. రాడ్డు మీద 6 అని ఉంటే 6 నంబరు లైనును మోయడానికి చేసిందని.

లైను డబ్బా మీద డబ్ల్యు ఎఫ్ 6 ఎఫ్ అని రాసి ఉంటుంది. మొదటి రెండు అక్షరాలకు బరువంతా ముందు వైపు ఉందని అర్థం. చివరి ఎఫ్ అంటే నీళ్ల మీద తేలేది. మునిగే లైన్లు కూడా ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోవద్దు. మునిగిన లైనును నీళ్లలోంచి లేపడం కొత్తవాళ్లకు పెద్ద పరీక్ష. రంగు కాస్త కొట్టొచ్చేది ఎంచుకోండి, నారింజో లేత పసుపో. మీ లైను గాలిలో ఎలా పారుతోందో మీ కళ్లకు కనబడాలి, తప్పు అక్కడే దిద్దుకోవాలి.

డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఈ లైను మీదే. నా లెక్క చెప్పమంటే, మొత్తానికి 400 డాలర్లు పెట్టగలిగితే అందులో 100 లైనుకు వెళ్లాలి. చవక లైను చుట్టలు చుట్టలుగానే ఉండిపోతుంది, చాపినా సాగదు. కొన్నాళ్లకు పూత పగుళ్లిస్తుంది, కొస మునగడం మొదలుపెడుతుంది. అప్పుడు కొత్తవాళ్లు తమకు చేతకావడం లేదనుకుని మానేస్తారు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. సాధారణమైన రాడ్డు మీద మంచి లైను వేస్తే చక్కగా పనిచేస్తుంది, ఖరీదైన రాడ్డు మీద చెత్త లైను వేస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఆ లైనును కాపాడుకోవడం గురించి ఇక్కడే ఒక మాట. మన పక్క సాయంత్రమైతే దోమలు. చేతులకు దోమల మందు రాసుకుని అదే చేత్తో లైను పట్టుకుంటాం. ఆ మందులో డీట్ అనే రసాయనం ఉంటే అది ప్లాస్టిక్ పూతను కరిగిస్తుంది. సన్‌స్క్రీన్ కూడా లైనుకు మంచిది కాదు. రాసుకోవడం మానొద్దు, ఈ ఎండలకు మానకూడదు. రాసుకున్నాక అరచేతులు, వేళ్లు సబ్బుతో కడుక్కుని లైను ముట్టుకోండి. ఇంటికి వచ్చాక గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు వేసి, మెత్తటి గుడ్డలోంచి లైనును లాగితే పచ్చటి నాచు మరక గుడ్డకు అంటుకుంటుంది. మురికి వదిలిన లైను రాడ్డు రింగుల్లోంచి మళ్లీ కొత్తదానిలా జారుతుంది. జనవరి ఎండల్లో కారు డిక్కీలో మాత్రం వదిలేయకండి.

ఇప్పుడు రాడ్డు. పొడవు 9 అడుగులు, నాలుగు ముక్కలుగా విడదీసేది. ముక్కలు గొట్టంలో పెడితే ముప్పావు మీటరు, రైల్లో ఒళ్లో పెట్టుకుని వెళ్లొచ్చు. పిడి పైన రాడ్డు మీదే పొడవు, నంబరు, ముక్కల లెక్క రాసి ఉంటాయి, చదివి చూసుకోండి. అమ్మేవాళ్లు ఫాస్ట్ యాక్షన్ రాడ్డు గురించి గొప్పగా చెప్తారు. అంటే కొస మాత్రమే వంగే బిగువైన రాడ్డు. దూరం వెళ్తుంది, నిజమే, చేయి కుదిరినవాళ్లకు. మొదలుపెట్టేవాళ్లకు నడుము దాకా కొంచెం వంగే మధ్యస్థమైన రాడ్డు కావాలి. వెనక్కి వెళ్లిన లైను సాగి, రాడ్డును లాగిన క్షణం చేతికి తెలియాలి. ఆ క్షణంలోనే ముందుకు కొట్టాలి. బిగువు రాడ్డులో ఆ కబురు చేతికి అందదు. దుకాణంలో రాడ్డును గాలిలో ఊపి చూస్తే ఏమీ తెలియదు. లైను వేసి బయట గడ్డి మీద విసరనిచ్చే దుకాణంలో కొనండి. రాడ్డు విరిగితే ముక్క మార్చి ఇస్తారా అని కూడా అడగండి.

ఇప్పటి రాడ్లు కార్బన్‌వి. ఫెన్విక్ అనే అమెరికా కంపెనీ 1973లో గ్రాఫైట్ రాడ్డు తెచ్చింది, దాని ముందు ఫైబర్‌గ్లాస్, ఇంకా ముందు వెదురు. ఈ వెదురు కథలో మన దేశం ఉంది. 1840లలో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో శామ్యూల్ ఫిలిప్పీ అనే తుపాకుల తయారీదారు వెదురును పేళ్లుగా చీల్చి, అతికించి రాడ్లు చేశాడు. ఆ తరం వాడిన వెదురు కలకత్తా రేవు నుంచి ఓడల్లో వెళ్లింది. తర్వాత్తర్వాత చైనా వెదురు దాని చోటు తీసుకుంది. ఫ్లై ఫిషింగ్ కూడా మన వైపు తెలియనిదేం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లోనే భారతదేశపు నదుల్లో రాడ్డుతో చేపలు పట్టడం మీద ఒక పుస్తకం రాశాడు. నీలగిరి వాగుల్లో దొరలు వదిలిన ట్రౌట్ ఇప్పటికీ ఉంది.

రీలు గురించి ఎక్కువ చెప్పను. బాస్‌కైనా, ఇక్కడి ట్రౌట్‌కైనా లైనును చేత్తోనే లాగుతాం, చాలాసార్లు చేప ఒడ్డుకు వచ్చేదాకా రీలు తిప్పే పనే పడదు. 6 నంబరు లైను, దాని కింద 50 మీటర్ల బ్యాకింగ్ దారం పట్టాలి, నడుము లావుగా ఉండి లైను పెద్ద చుట్టలుగా చుట్టుకోవాలి, ఏ చేత్తోనైనా తిప్పుకునేలా మార్చుకోగలగాలి. ఇవి ఉంటే చాలు. సముద్రపు చేపల జోలికి వెళ్లేరోజు వచ్చినప్పుడు ఉప్పు తట్టుకునే ఖరీదైన రీలు గురించి ఆలోచిద్దాం.

లైను కొసకీ ఫ్లైకీ మధ్య ఉండేది లీడర్. మొదట లావుగా మొదలై కొసకు సన్నబడే నైలాను తీగ. ట్రౌట్‌కు 9 అడుగులది కొనండి. దాని కొసకు కట్టే సన్నటి తీగను టిప్పెట్ అంటారు. ఫ్లైలు మార్చినప్పుడల్లా తరిగిపోయేది అదే. దాని మీద ఎక్స్‌ల గుర్తు ఉంటుంది. 11లోంచి ఎక్స్ అంకె తీసేస్తే అంగుళంలో ఎన్ని వెయ్యో వంతుల మందమో వస్తుంది. 4 ఎక్స్ అంటే 7 వెయ్యో వంతులు, దాదాపు 0.18 మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. లిత్‌గో ట్రౌట్‌కు 4 ఎక్స్ ఒక చుట్ట ఉంటే చాలు. బాస్‌కు ఈ సన్నదనం పనికిరాదు. అది కొట్టగానే మునిగిన కొమ్మల్లోకి దూరుతుంది. ఏడడుగుల పొట్టి లీడర్, కొసన 5 కిలోలు మోసే తీగ పెట్టండి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపడం మరిచిపోకండి. పొడి నైలాను రాపిడికి వేడెక్కి, ముడి దగ్గరే బలం పోగొట్టుకుంటుంది. తడిపి, మెల్లగా లాగితే చుట్లు ఒకదాని పక్కన ఒకటి వరసగా కూర్చుంటాయి. కూర్చోకపోతే కోసేసి మళ్లీ కట్టండి.

ఫ్లైలు మొదట్లో కొద్దిగా చాలు. ట్రౌట్‌కు నల్లటి, ముదురాకుపచ్చ ఊలీ బగ్గర్లు, పూస తల ఉన్న ఫెజెంట్ టెయిల్ నింఫ్, నీటి మీద తేలే రెడ్ ట్యాగ్, రాయల్ వుల్ఫ్. బాస్‌కు ఫోమ్‌తో చేసిన సికాడా, గర్గ్లర్. సికాడా అంటే నవంబరు, డిసెంబరుల్లో మన పెరటి చెట్ల మీద చెవులు చిల్లులు పడేలా అరిచే పురుగు. ఆ రోజుల్లో నెపియన్ ఒడ్డు చెట్ల మీద నుంచి అవి నీళ్లలో పడుతుంటాయి, బాస్ కింద కాచుకుని ఉంటుంది. పొద్దుగూకే వేళ ఫోమ్ సికాడాను కొమ్మల నీడలోకి వేసి, అది పడ్డ అలలన్నీ సద్దుమణిగేదాకా కదపకుండా ఉంచాలి. ఆ తర్వాత లైను ఒక్క వేలెడు లాగాలి. బాస్ కొడితే చప్పుడు ఒడ్డంతా వినిపిస్తుంది.

కొనక తప్పనివి ఇంకా ఉన్నాయి. నీటి మెరుపు తీసేసే పోలరైజ్డ్ కళ్లద్దాలు. చేప కనబడటానికి, అంతకన్నా ముఖ్యంగా గాలిలో వచ్చే గాలం కంటికి తగలకుండా. అద్దాలు లేకుండా పిల్లలనైతే రాడ్డు ముట్టుకోనివ్వకండి. అంచు టోపీ, గోళ్ల కత్తెర, గాలం తీయడానికి పొడుగాటి ఫోర్‌సెప్స్. ఫ్లై కట్టగానే గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లును వాటితో నొక్కేయండి. చేపకు గాయం తక్కువ, మీ చెవికి తగిలినా సులువుగా బయటికొస్తుంది. గడ్డిలో నడిచేటప్పుడు పాముల భయం ఉంది కాబట్టి చీలమండలు కప్పే బూట్లు. నీళ్లలో దిగే రబ్బరు వేడర్లు, జేబుల చొక్కా, ఫ్లైలు కట్టే సామాను, ఇవేవీ మొదటి ఏడాది అక్కర్లేదు. ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి.

సామాను ఇంటికొచ్చాక నేరుగా నదికి వెళ్లకండి. ఖాళీగా ఉన్న మైదానం చూసుకుని, గాలం లేకుండా లీడర్ కొసకు రంగు ఉన్ని ముక్క కట్టి, గడ్డి మీద విసరండి. గంటలకొద్దీ అక్కర్లేదు, రోజూ పావుగంట. మోచేయి ఒంటికి దగ్గరగా, మణికట్టు బిగించి, రాడ్డు వెనక్కి వెళ్లి నిటారు కాస్త దాటగానే ఆపాలి. ఆపి, లైను వెనక పూర్తిగా విప్పుకునేదాకా ఆగాలి. మెడ తిప్పి చూడండి, అందులో తప్పేం లేదు. వెనక మనిషి లేడని కూడా అప్పుడే చూసుకోవాలి. క్లబ్బుల్లో అనుభవం ఉన్నవాళ్లు కొత్తవాళ్లకు విసరడం నేర్పుతారు, అక్కడ చేరితే నెలల పని రోజుల్లో అవుతుంది.

చివరగా చట్టం. న్యూ సౌత్ వేల్స్‌లో నదిలోనైనా సముద్రంలోనైనా గాలం వేయాలంటే రుసుము కట్టాలి. మూడు రోజులకు 7 డాలర్లు, నెలకు 14, ఏడాదికి 35, మూడేళ్లకు 85. 18 ఏళ్లు నిండని పిల్లలకు లేదు. ఆ డబ్బు చేపపిల్లలు వదలడం లాంటి పనులకే తిరిగి వెళ్తుంది, కాబట్టి కడుతున్నప్పుడు బాధపడక్కర్లేదు. నదుల్లో బాస్‌ను మే 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉంచుకోకూడదు, అది గుడ్లు పెట్టే కాలం. ట్రౌట్ వాగులు, నదులు జూన్ లాంగ్ వీకెండ్ ముగిశాక మూసేసి, అక్టోబరు లాంగ్ వీకెండ్ శనివారం తెరుస్తారు. జలాశయాలు మాత్రం ఏడాది పొడుగునా తెరిచే ఉంటాయి. అంటే ఆగస్టులో రాడ్డు, లైను కొనుక్కుని మైదానంలో ఉన్ని ముక్కతో మొదలుపెడితే, సెప్టెంబరులో లేక్ లయల్ ఒడ్డున చేయి సరిచూసుకోవచ్చు. అక్టోబరులో వాగులు తెరుస్తారు, నవంబరుకు నెపియన్ మీద సికాడాలు వస్తాయి.